మోరీలో దొరికిన మంచి ఆకు

జగిత్యాలలో ప్రభుదాస్ దుకాణం ముందు లత స్కూటీ ఆపగానే లోపల ఫోను మోగింది. హెల్మెట్ తీసి అద్దానికి తగిలించేలోపు మళ్ళీ మోగింది. మెట్టెక్కుతుంటే మళ్ళీ. జిల్లా మొత్తంలో ఇంత గిరాకీ ఉన్న దుకాణం ఇంకొకటి ఉందంటే అది కల్లు దుకాణమే అయ్యుండాలి, అదీ మండే ఎండాకాలం ఆదివారంనాడు. కల్లు గీసే ఇంట్లో పుట్టిన లతకు ఆ గిరాకీ ఎట్లా ఉంటుందో బాగా తెలుసు.

దుకాణం పేరు 'నీలధార డ్రైనేజీ సర్వీసెస్'. సిరిసిల్లలో ఆఫీసు పెట్టుకున్న శ్రీధర్ అనే ఆయన ఊరూరికీ ఆ పేరును అమ్ముతాడు. కొనుక్కున్నవాడికి ఒక బోర్డు, ఒక నీలం చొక్కా, మోరీల్లోకి జోరుగా నీళ్ళు కొట్టే ఒక మిషను, ఆ ఊళ్ళో ఇంకెవ్వరికీ ఈ పేరు ఇవ్వనని ఒక మాట దక్కుతాయి. దాన్నే ఫ్రాంచైజీ అంటారు. జగిత్యాల ఫ్రాంచైజీ ప్రభుదాస్‌ది. కోరుట్లది ఈ మధ్యాహ్నం తరువాత సుదర్శన్‌ది కాబోతోందట. కువైట్‌లో ఏళ్ళ తరబడి పైపులు బిగించి వచ్చిన మనిషి. దీనికోసం ఉన్న ఒక్క ఇంటినీ తాకట్టు పెడుతున్నాడట.

అతని భార్య పుష్ప నిన్న సాయంత్రం లత దగ్గరికి వచ్చి ఒకటే అడిగింది.

"లతక్కా, గది నడిచే బేరమా, మునిగే బేరమా? మా ఆయన సిరిసిల్లకు బయలెల్లకముందే చెప్పాలె. నేను అడిగినట్టు ఆయనకు తెల్వద్దు."

లత పోలీసు ఉద్యోగం ఎందుకు మానేసిందో జగిత్యాలలో నాలుగు కథలు నడుస్తున్నాయి. నాలుగూ అబద్ధాలే. ఐదోది నిజం, కానీ దానికి ఇప్పుడు టైము లేదు. ఇప్పుడామె ప్రైవేటు డిటెక్టివ్. పెళ్ళి సంబంధాల ఆరాలు ఆమెకు రోజువారీ తిండి. పెళ్ళికొడుకు తాగుతాడా అని అడిగితే ఏది తాగుతాడో, తాగాక ఎవరిని తిడతాడో, తెల్లారి ఎవరి కాళ్ళు పట్టుకుంటాడో కూడా చెబుతుందని పేరు. తనకు బట్టతల రాబోతున్న సంగతి ఒక పెళ్ళికొడుకు ఆమె రిపోర్టు చూసే తెలుసుకున్నాడంటారు. నమ్మినవాళ్ళు నమ్మారు, నమ్మనివాళ్ళు అతని తల చూసి నమ్మారు.

"ఫోను ఎత్తవా?" లత అడిగింది.

"ఎంతమందివని ఎత్తాలె మేడం?" ప్రభుదాస్ కుర్చీలోంచి లేవలేదు. "పొద్దుగాల నుంచి గిదే లొల్లి. మోరీ నిండిందంటరు, బాత్రూంల నీళ్ళు పోతలేవంటరు. అన్నం తినేతందుకు గుడ తీరుత లేదు."

"ఎత్తకపోతే గిరాకీ పోదా?"

"పోయేటోడు పోతడు, వచ్చేటోడు వస్తడు. మీకేం గావాలె?"

లత మూల వైపు చూసింది. మిషను పైపు చుట్ట చుట్టి ఉంది. దాని కింద గచ్చు పొడిగా, దుమ్ముతో ఉంది. పక్కన రబ్బరు బూట్లు. ఒక బూటుకు ధర చీటీ ఇంకా వేలాడుతోంది. రోజంతా మోరీల్లో తిరిగే మనిషి బూట్లు పెళ్ళికూతురి చెప్పుల కంటే శుభ్రంగా ఉన్నాయి.

బల్ల కింద ఖాళీ గోనెసంచి ఉంది. దాని నుంచి ఏదో వాసన, మోరీ వాసన మాత్రం కాదు. తడిసి ఆరిన వాసన. లతకు అది బాగా తెలుసు. చిన్నప్పుడు, అమ్మ పక్కన కూర్చుని... ఆ జ్ఞాపకం కొస దొరికేలోపు ఫోను మళ్ళీ మోగింది.

ప్రభుదాస్ చెయ్యి చాచాడు. లత చెయ్యి ముందు పడింది.

"హలో."

"ఇగ చాల్నా? ఇంకోసారి జేయాల్నా?" ఆడగొంతు విసుగ్గా అడిగింది. "గీడ పొయ్యి మీద కూర మాడుతుంది."

ఆ మాట లతకు కుడి చెవిలో ఫోనులోంచీ, ఎడమ చెవిలో దుకాణం వెనక పరదా చాటు నుంచీ ఒకేసారి వినబడింది. లత పరదా వంక చూసింది. పరదా కొంచెం కదిలి, బుద్ధిమంతురాలిలా నిలబడిపోయింది.

"చాలమ్మా. కూర చూసుకో," అంది లత, ఫోను బల్ల మీద పెట్టి.

ప్రభుదాస్ ముఖం కందిపోయింది. "ఎవలు మీరు? నా దుకాణంల నా ఫోను ఎత్తుడేంది? ఏం రుబాబు ఇది?"

"పుష్ప పంపితే వచ్చిన. సుదర్శన్ పెండ్లాం. కోరుట్ల ఫ్రాంచైజీ కొనమని సుదర్శన్‌కు చెప్పింది నువ్వే గద?"

"చెప్పిన. మంచిదని చెప్పిన. అయితే ఏంది? దుకాణం అన్నంక గిరాకీ ఉన్నట్టు కనవడాలె. పెండ్లి చూపులకు పిల్ల పౌడరు రాసుకోదా?"

"రాసుకుంటది. పెండ్లి అయినంక మొకం కడుక్కుంటది. అప్పుడు సుదర్శన్ ఎవలకు చెప్పుకోవాలె?"

"నిన్న కోరుట్లల డెమో అయింది, తెలుసా?" ప్రభుదాస్ గొంతు పెంచాడు. "సుదర్శన్ వాళ్ళ గల్లీలనే. మూడిండ్ల మోరీ జామ్ అయింది. నేనే మిషన్ తీసుకపోయిన. చిటికెల సాఫ్. పోయి గల్లీని అడుగుపో."

"మోరీ జామ్ అయినంక మిషన్ బయలెల్లిందా, మిషన్ బయలెల్లినంక మోరీ జామ్ అయిందా?"

అతను కాలితో బల్ల కింది గోనెను ఇంకా లోపలికి తోశాడు.

"మీ ఇంట్ల బీడీలు జేస్తరా?" లత ఉన్నట్టుండి అడిగింది. ఎందుకు అడిగిందో ఆమెకే పూర్తిగా తెలియదు. ముక్కు అడగమంది, నోరు అడిగింది.

"బీడీలా? మా ఆమె టీచరమ్మ. మా ఇంటావంట లేదు." అతను లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చాడు. కొట్టడానికే వస్తున్నాడనుకుంది లత. కానీ గొంతు తగ్గించాడు. "మేడం, దండం వెడుత. ఇయ్యాల ఒక్కరోజు గడవనియ్యిండ్రి. గంతే. రేపటి సంది నన్నేమన్న అడుగుండ్రి."

"ఇయ్యాల ఏముంది?"

"పొండ్రి బయటకు!" మళ్ళీ అరిచాడు. "ఇంకో మాట మాట్లాడితె గల్లీనంత పిలుస్త!"

లత బయటికి నడిచింది. స్కూటీ తాళం తిప్పుతుండగా లోపల ప్రభుదాస్ ఫోనులో ఎవరితోనో గుసగుసగా మాట్లాడటం వినబడింది. ఈసారి నిజం ఫోనే. పరదా వెనక కూర మాడిన వాసన వస్తోంది, ఆ ఇల్లాలు పొయ్యి దగ్గర ఉంది.

*

కోరుట్లలో ఆ గల్లీ మొగదల లతకు మొదట కనబడింది తెల్ల కారు. దానికి ఆనుకుని ప్రేమ్‌కుమార్.

ఈ ప్రేమ్‌కుమార్ కూడా డిటెక్టివే. కాకపోతే టై కట్టిన డిటెక్టివ్. అతని కారు ఎంత తెల్లగా ఉంటుందంటే, ఒక పాలాయన దాన్ని చూసి సిగ్గుపడి నెల రోజులు పాలల్లో నీళ్ళు కలపలేదట. నల్లద్దాలు నిద్రలో కూడా తీయడట. ఎడమ చెయ్యి ఎప్పుడూ ప్యాంటు జేబులోనే ఉంటుంది. అది ఫ్యాషనని కుర్రవాళ్ళు నేర్చుకున్నారు కూడా. నీలధార కంపెనీ మంచిదా చెడ్డదా అని సుదర్శన్ ముందుగా అడిగింది ఇతన్నే. బంగారంలాంటి కంపెనీ అని రిపోర్టు ఇచ్చాడు.

"దయచేయండి లత మేడం," అన్నాడు కుడి చెయ్యి ఊపుతూ. "పెండ్లిండ్లు చెడగొట్టుడు అయిపోయిందా? ఇగ బేరాలు చెడగొడుదామని వచ్చిండ్రా?"

"ప్రభుదాస్ ఫోన్ బాగనే పనిచేస్తదన్నమాట," అంది లత. "నేను స్కూటీ మీద వచ్చేలోపు ముచ్చట నీకు చేరింది."

"నాకే కాదు." అతను నవ్వి, గల్లీలోకి కేకేశాడు. "సుదర్శన్ గారూ! మీ ఆవిడ పెట్టుకున్న డిటెక్టివ్ వచ్చింది, చూడండి!"

దెబ్బ ఎక్కడ కొట్టాలో అక్కడే కొట్టాడు. గల్లీ మధ్య ఇంట్లోంచి సుదర్శన్ బయటికొచ్చాడు, బనీను మీద, లుంగీ పైకి కట్టి. అతని వెనకే పుష్ప పరుగున వచ్చి, లతను చూసి గుమ్మంలో ఆగిపోయింది.

"నువ్వు పెట్టినవా?" సుదర్శన్ వెనక్కి తిరగకుండానే పెళ్ళాన్ని అడిగాడు.

"ఇల్లు తాకట్టు వెడుతనంటివి," పుష్ప గుమ్మం పట్టుకుని అంది. "అడుగుడు తప్పా?"

"నా మీద నమ్మకం లేకనే గద! కువైట్ల మట్టి తిని సంపాయించింది నేను. ఎండల పైపులు మోసింది నేను. నడుమ గీమె ఎవలు?" లత వైపు వేలు చూపాడు. "ఏమమ్మా, నిన్న నా కండ్లతోని చూసిన. మోరీ నిండి మూడిండ్లళ్ళకు నీళ్ళు ఎనకకు తన్నినయి. మిషన్ పెట్టంగనే దుంకినయి. ఇంకేం ఆరా తీస్తవు?"

"ఆ మోరీ చూపిస్తవా?"

"చూస్కో. గదే."

మూడిళ్ళ నీళ్ళు కలిసే చోట, నాగవ్వ అనే ముసలామె ఇంటి ముందర, చాంబర్ అనే మోరీ గుంత మీద ఒక బండ మూత ఉంది. మిగతా చాంబర్ల మూతలన్నీ సిమెంటుతో పూడ్చేసి ఉన్నాయి. ఇదొక్కటే లేస్తుంది. దాని పక్కన నిన్న మిషను తోసి తీసిన చెత్త కుప్పగా పడి ఉంది. మున్సిపాలిటీ ట్రాక్టర్ ఇంకా రాలేదు, రాకపోవడం ఆ ట్రాక్టర్‌కు అలవాటు. లత జీవితంలో మొదటిసారి ఆ ట్రాక్టర్‌కు మనసులో దండం పెట్టింది.

అరుగు మీద నాగవ్వ కూర్చుని బీడీలు చుడుతోంది. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన ఆకు. ఆమె నోరు ఒక పని చేస్తుంటే చేతులు వేరే పని చేస్తాయి. పెళ్ళిలో వడ్డించే బంతిలో కూడా నాగవ్వ వేళ్ళు ఆకు చుడుతున్నట్టే కదులుతాయని గల్లీలో చెప్పుకుంటారు. నిద్రలో చుట్టిన బీడీలు పగటి వాటి కంటే గట్టిగా ఉంటాయని ఆకు ఇచ్చి బీడీలు తీసుకునే టేకేదారు మెచ్చుకున్నాడట కూడా.

లత ఒక పుల్ల తీసుకుని కుప్పను కెలికింది. లోపల చినిగిన గోనెసంచి. సంచిలో గట్టిగా కూరిన నల్లటి ముద్ద.

"అవ్వా, చెంబెడు నీళ్ళియ్యి."

"నీకు గదేం కర్మనే బిడ్డా," అంటూనే నాగవ్వ కాలితో చెంబు ముందుకు జరిపింది.

నీళ్ళు పోస్తే నలుపు కారిపోయింది. ముద్ద పొరలు పొరలుగా విడిపోయింది. లత ఒక పొరను పుల్లతో లేపింది. ఆకు. బీడీలు చుట్టే తునికాకు. అప్పుడు వచ్చింది వాసన, బురద అడుగు నుంచి. జగిత్యాలలో ప్రభుదాస్ బల్ల కింద వచ్చిన వాసన. చిన్నప్పుడు అమ్మ గోనెలో ఆకు తడిపి పెట్టిన రాత్రుల వాసన. పదో తరగతి దాకా బీడీలు చుట్టిన వేలు మీది కాయ లతకు ఇప్పటికీ ఉంది. ఆ కాయ ఇప్పుడు దురద పెట్టింది.

"దొరికిందా?" ప్రేమ్‌కుమార్ వెనకాల నిలబడ్డాడు. "నా రిపోర్టుల మొదటి పాయింటే అది మేడం. కోరుట్ల అంటే బీడీల ఊరు. ఇంటింటికీ ఆకు చెత్త. చెత్త మోరీల పడుతది, మోరీ నిండుతది, జనం ఫోన్ చేస్తరు, సుదర్శన్ పోతడు. గింత సీదా బిజినెస్ ఇంకోటి లేదు. అర్థం చేసుకునేతందుకు జర తెలివుండాలె."

"అవ్వా," లత అతని వైపు తిరగలేదు. "ఆకు కోసినంక తుంపులు ఏం జేస్తవు? మోరీల పోస్తవా?"

నాగవ్వకు ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. "మోరీల పోస్తనా? నీళ్ళ పొయ్యి దేంతోని మండుతది మరి? మీ అయ్యగాని కట్టెలతోనా?" ఆమె ప్రేమ్‌కుమార్ వైపు తిరిగింది. "ఎవడు జెప్పిండ్రా నీకు? గీ గల్లీల ఏ ఇంట్ల అయినా ఆకు తుంపు బయట పారేసినోళ్ళను చూపియ్యి. పక్కింటామె తుంపులు నేను ఎత్తుకొచ్చుకున్ననని మొన్న గంటసేపు కొట్లాడింది నాతోని!"

"పొరపాటున పడుతది గద..."

"గిది పొరపాటున పడ్డదా?" లత ఒక ఆకును వేళ్ళతో ఎత్తి, వెలుతురుకు పట్టి చూపించింది. గుండ్రంగా, నిండుగా, ఈనెతో సహా ఉంది. కత్తెర తగలనే లేదు. ఇంకొకటి తీసింది. అదీ నిండు ఆకే. ఇంకొకటి. "గిది చెత్త గాదు ప్రేమ్‌కుమార్. మంచి ఆకు."

నాగవ్వ మెడ చాచి చూసింది. చేతులు చుడుతూనే ఉన్నాయి కానీ ముఖం మారిపోయింది. "అయ్యో అయ్యో! బంగారమసోంటి ఆకు! టేకేదారు తూకమేసి ఇస్తడు బిడ్డా. ఆకు తక్కువవడ్డదంటే మేము బయట కొని పూడ్సాలె. బీడీలు జేసే ఇంట్ల సంటిపోరని చేతికి గుడ నిండు ఆకు ఇయ్యరు. గది మోరీల పోసినోడెవడో గాని, వాడింట్ల బీడీ జేసేటోళ్ళు లేరు."

"గంతే అవ్వా. మా ఇంటావంట లేదని ఒగాయన పొద్దుగాలనే చెప్పిండు." లత లేచి నిలబడి చేతులు కడుక్కుంది. "ఊరు బీడీలదని కంపెనోళ్ళు మోరీల ఆకు కూరమన్నరు. అయితె తుంపులు ఏ ఇంట్లనూ అమ్మరు, ఎవలింట్ల అవి పొయ్యిలకే పోతయి. బజాట్ల దొరికేది నిండు ఆకే. ప్రభుదాస్ గదే కొన్నడు. గోనెల కూరిండు, తెచ్చిండు. ఆయన బల్ల కింద ఖాళీ గోనె ఇంకా వాసనొస్తుంది."

ప్రేమ్‌కుమార్ నవ్వు ఆగలేదు గానీ సన్నబడింది. "కోర్టుల వాసన చూపిస్తరా మేడం? ఎవరి దగ్గర పైసలు తీసుకొని ఈ బేరం చెడగొడుతున్నరో చెప్పండి ముందు. కోరుట్ల ఫ్రాంచైజీ ఇంకెవరికన్న గావాల్నా?"

"చెడేందుకు బేరమే లేదు. అవ్వా, నిజంగనే మోరీ నిండితె ఎవలను పిలుస్తరు మీరు?"

"పిలుసుడేంది?" నాగవ్వ గోడకు ఆనించిన పొడుగాటి వెదురు బద్దను కళ్ళతో చూపింది. "గది గుచ్చుతం. పోతది. సెప్టిక్ ట్యాంకు నిండితె ట్యాంకరోడు వస్తడు, గాయన ఎప్పటోడే. నీలం అంగీలోళ్ళకు పైసలిచ్చెటంత పిచ్చి నాకు లేదు. నిన్న ముఫత్ అంటే చెయ్యనిచ్చిన."

పుష్ప గుమ్మం దిగి వచ్చింది. "ఇన్నవా?" భర్తను అడిగింది. "గీ గల్లీలనే ఒక్కలు పిలువరట. ఇల్లు పోగొట్టుకొని బద్దతోని పోటీ వడుతవా?"

సుదర్శన్ లుంగీ బిగించి కట్టుకున్నాడు. "ఒక్క ముసలామె మాట వట్టుకొని... ఎవలో ఆకు కూరితె కూరిండ్రు. కంపెనీది తప్పు, నాదేంది?"

ఆ మాట దగ్గర లత ఆగింది. ఎవరో కూరారని తెలిసినప్పుడు మోసపోయినవాడు ముందు కూరినవాణ్ణి తిడతాడు. వీడు తనది తప్పు కాదంటున్నాడు. అంతసేపూ ఆమె కంటి చివర గుచ్చుతున్నది ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడింది. ఈ మనిషి మధ్యాహ్నం సంతకానికి సిరిసిల్ల పోవాలి. గడ్డం గీసుకోలేదు. బనీను మీద ఉన్నాడు.

"అవ్వా," అంది, నెమ్మదిగా. "నిన్న నీ బాత్రూంల నీళ్ళు ఎనకకు వచ్చినయని నువ్వు ఎప్పుడు చూసినవు?"

"నేనేడ చూసిన? నేనింకా తానానికి పోనే లేదు. గీ సుదర్శనే అచ్చి తలుపు కొట్టిండు. 'అవ్వా, మీ బాత్రూంల నీళ్ళు ఎనకకు తన్నుతున్నయట గద' అన్నడు. పోయి చూస్తే నిజంగనే తన్నుతున్నయి. మంచి పోరడు, మా కంటె ముందే కనుక్కున్నడు."

పక్క అరుగుల మీది తలలన్నీ సుదర్శన్ వైపు తిరిగాయి. నాగవ్వ ఒక్కతే తానేమన్నదో తెలియక బీడీ కొస మూసి పక్కన పెట్టి, ఇంకో ఆకు తీసుకుంది.

"ఇంకెవలున్నరు అప్పుడు?"

"పుష్ప తమ్ముడు గుడ ఉండె. సాయితేజ. ఫోన్ల ఈడియో తీసుకున్నడు. 'బావా, మస్తుంది బావా' అని ఒక్కతీరుగ దుంకిండు."

లత పుష్ప వైపు తిరిగింది. "మీ తమ్ముడు ఏడున్నడు ఇప్పుడు?"

"పొద్దుగాలనే పోయిండు, ముస్తాబాద్‌కు. మా అమ్మగారింటికి." పుష్ప భర్త ముఖం చూసింది. మాట నెమ్మదించింది. "ముస్తాబాద్‌కే గద పోయింది?"

సుదర్శన్ నేల చూశాడు.

"ఆ డెమో నీకు చూపిచ్చేతందుకు గాదు," అంది లత. "నువ్వు ఎప్పుడో కొన్నవు. ఇల్లు ఎప్పుడో పోయింది. నిన్న పొద్దుగాల, గల్లీ లేవకముందు, గీ మూత లేపి గోనె దింపింది నువ్వే. గల్లీల ఏ మూత లేస్తదో గల్లీ మనిషికే ఎర్క. ఇయ్యాల సంతకం నీది గాదు. సాయితేజది, ముస్తాబాద్ ఫ్రాంచైజీకి."

పుష్ప చెయ్యి ఎత్తింది. కొడుతుందనుకున్నారు అందరూ. ఆ చేత్తో తన నోరే మూసుకుంది.

"నాకు వేరే తొవ్వ లేదు!" సుదర్శన్ అరిచాడు. "రెండు నెలలాయె కొని. పుష్పకు చెప్పకుంట కొన్న, గల్లీ అవతల నంబరు పంచిన, ఒక్క ఫోన్ రాలె. ఒక్కటంటె ఒక్కటి! పైసలు ఎనకకియ్యమని సిరిసిల్లకు పోతే శ్రీధర్ ఏమన్నడో తెలుసా? 'నువ్వొకణ్ణి తీస్కరా, నీ ఇల్లు నీకు' అన్నడు. ప్రభుదాస్ నన్ను తెచ్చిండు, నేను ఇంకొకన్ని తెస్తేనే వాడు గుడ బయటవడుతడు. నేనేం జేయాలె? పిల్లలను తీస్కొని బజాట్ల వడాల్నా?"

"నా తమ్మునికి అర్ధెకరం పొలం," అంది పుష్ప. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది లతకు. "గది అమ్మి మా అమ్మను ఏడ వెడుతడు?"

ఆమె ఫోను తీసి తమ్ముడి నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.

"ఎత్తడు," అన్నాడు సుదర్శన్, అదే నేలను చూస్తూ. "నేనే చెప్పిన. మీ అక్కకు భయం, ఆమె ఫోన్ చేస్తె ఎత్తకు, సంతకం అయినంక చెప్పుదామని."

లత అతని ముందుకు వెళ్ళి నిలబడింది. "నీది ఎత్తుతడు గద. చెయ్యి."

"చేస్తె నా ఇల్లు..."

"పోతది. ఎరుకే. చెయ్యి."

"మేడం, ఇది వాళ్ళ ఇంటి గొడవ," ప్రేమ్‌కుమార్ అడ్డం రాబోయాడు. గొంతులో వెనకటి వెటకారం లేదు, ఏదో తొందర ఉంది. "మీరు బయలెల్లండి. చెప్పేది మీ మంచికే."

"నీ రిపోర్టు అయిపోయింది. జరుగు."

సుదర్శన్ జేబులోంచి ఫోను తీశాడు. గుమ్మం వంక చూశాడు, గోడ వంక చూశాడు, కువైట్ నుంచి పంపిన ప్రతి డబ్బుతో ఒక్కో వరసగా లేచిన ఆ గోడ వంక. తరువాత పుష్పను చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. నంబరు నొక్కి, స్పీకరు పెట్టాడు.

మొదటి మోతకే ఎత్తాడు. "బావా!" కుర్ర గొంతు. వెనకాల రోడ్డవతల మరమగ్గాల చప్పుడు, సిరిసిల్లలో అది గాలిలాగా ఎప్పుడూ ఉండేదే. "శ్రీధర్ సార్ చాయ్ తెప్పిచ్చిండు. మస్తు మర్యాద బావా. చదువుతున్న, ఇగ సంతకం వెడుత."

"సాయీ." సుదర్శన్ ఫోను నోటికి దగ్గరగా పట్టుకున్నాడు. "వెట్టకు."

"ఏంది?"

"సంతకం వెట్టకురా. నిన్నటి మోరీ నేనే నింపిన. నేనే. లేచి బయటకు రా. మాట్లాడకు, బస్సెక్కు."

పుష్ప అప్పుడు చూసింది అతన్ని.

అటువైపు మగ్గాల చప్పుడు మధ్య కుర్చీ జరిగింది. "ఫోన్ ఇటియ్యి తమ్మీ," అన్న మాట దూరంగా వినబడింది. ఆ తరువాత దగ్గరగా, నిదానంగా, పొద్దున్నే భక్తి ప్రసంగం చెప్పేవాడి గొంతు.

"సుదర్శన్, మంచిగున్నవా? తొందరపడ్డవయ్యా. ఇంకో చిటికెల నీ ఇల్లు నీకు వచ్చేది. సరే. లత మేడం గుడ అక్కడ్నే ఉన్నదట గద. నమస్తే మేడం."

"పిలగాణ్ణి పంపు శ్రీధర్," అంది లత. "నీ ముచ్చటంత గల్లీకి తెలిసిపోయింది."

"పంపుతం మేడం. ఎందుకు పంపం? చదువుడు షురూ చేసిండు, సగంల లేస్తె మర్యాద గాదు. చదివి, సంతకం వెట్టి, అప్పుడు వస్తడు." గొంతు ఫోనుకు దూరమైంది. "అరేయ్, గా షట్టర్ దించు. మగ్గాల లొల్లికి పిలగానికి చదువ వస్తలేదు."

ఇనుప షట్టర్ గరగరమంటూ దిగింది. అది నేలను తాకగానే మగ్గాల చప్పుడు కోసినట్టు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో "సార్, నేను పోత సార్" అని సాయితేజ గొంతు ఒక్కసారి వినబడింది. ఫోను కట్టయింది.

లత పోలీసులకు ఫోను చేద్దామని తన ఫోను తీసింది. సిరిసిల్ల ఠాణా నంబరు వెతుకుతున్న వేళ్ళకు నీడ అడ్డం పడింది.

ప్రేమ్‌కుమార్. నల్లద్దాలు తీసేశాడు. కళ్ళు చూస్తే అతను అంత చిన్నవాడని, అంత అలిసిపోయినవాడని లతకు అప్పుడే తెలిసింది.

"చెయ్యిండ్రి, ఫోన్ చెయ్యిండ్రి. కాని దారిల చెయ్యిండ్రి," అన్నాడు. "కారు నేను నడుపుత. ఎక్కుండ్రి."

"నీకెందుకు గింత తొందర?"

"కరీంనగర్ ఫ్రాంచైజీ నాది మేడం. నేనూ పైసలు ఎనకకు అడుగ పోయిన." అతను ఎడమ చేతిని జేబులోంచి బయటికి తీశాడు. నాలుగు వేళ్ళూ విరిగి, నాలుగు దిక్కులకు వంగి, మళ్ళీ ఎన్నటికీ ముడవలేనట్టు ఎముకలు అతుక్కుని ఉన్నాయి. "పోయినసారి ఆ షట్టర్ దిగినప్పుడు లోపట ఉన్నది నేనే. మంచి రిపోర్టులు రాస్తనని ఒప్పుకునేదాక లేపలే. సంతకం వెట్టేది కుడి చేత్తోని గద, గందుకని దాన్ని ముట్టరు."

పుష్ప చెప్పులు కూడా వేసుకోకుండా కారు వైపు పరుగెత్తింది. ఆమె వెనక సుదర్శన్, బనీను మీదే.

అరుగు మీద, పొద్దటి నుంచి ఒక్క క్షణం ఆగని నాగవ్వ వేళ్ళు, సగం చుట్టిన బీడీ మీద ఆగిపోయాయి.